రంగు వెయ్యని చెక్క

రెండక్షరాలు వచ్చాయి. కంప్యూటర్ తెర అడుగున ఎడమ మూలగా, బియ్యపు గింజల్లా తెల్లగా, జీజీ అని. బాగా ఆడావు, ఇక నావల్ల కాదు అని ఓడినవాళ్ళు రాసి వెళ్ళే అక్షరాలు. రాయకుండా పోతే మర్యాద తెలియనివాడంటారు ఆటలాడే మాలో. ఉప్పుచేప అని పేరు పెట్టుకున్న ఆ పోర్చుగల్ కొయింబ్రా ఊరి మనిషి మర్యాదస్తుడు, రాశాడు, వెళ్ళాడు. అతని కోట ఇంకా కాలుతూనే ఉంది, నా సైనికులు ఇంకా పరుగెత్తుతూనే ఉన్నారు, కొట్టడానికి ఎవరూ మిగల్లేదని వాళ్ళకెవరూ చెప్పలేదు, నా వేళ్ళకీ ఎవరూ చెప్పలేదు, కుడిచెయ్యి మౌసు మీద టకటకా నొక్కుతూనే ఉంది. గెలిచావే బొగ్నా, ఆపు. ఆగలేదు. హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంటే ఇల్లు వినబడింది, కంప్యూటర్లో ఫాను హోరు, పక్కవాటాలో కుళాయి, కింద తడి పట్టాల మీద ట్రాము మలుపు తిరిగే కూత. గ్లాసులో టీ అలాగే ఉంది, నిమ్మచెక్క అడుగుకి దిగిపోయింది. తెర మీద ఇంకో కిటికీ తెరుచుకుంది, పోటీ జరిపేవాళ్ళ నుంచి, వసంతంలో క్రాకోవ్‌లో ఫైనల్స్, మీకు చోటు వచ్చింది, వస్తారో రారో రేపు మధ్యాహ్నంలోగా చెప్పండి అని. కింద రెండు బొత్తాలు. ఔను ఒకటి, కాదు ఒకటి, రెండూ ఒకే పరిమాణం.

ఔను నొక్కడానికి ఆలోచన దేనికి, దీనికోసమే కదా వేసవంతా కిటికీ తెర దించుకుని కూర్చున్నది. కానీ కోస్మకి మాటిచ్చాను. కోస్మ ఊళ్ళో ట్రాము నడుపుతాడు, నా మొగుడు, ఆ మాట పైకి అనబోతే ఇప్పటికీ నవ్వొస్తుంది, సెప్టెంబరు దాకా ఉత్త కోస్మే, ఇప్పుడు వాడి పళ్ళ బ్రష్షు నా బ్రష్షు పక్కన ఒకే గ్లాసులో, పొద్దున్నే ఆ రెండింటినీ చూడ్డానికే కాసేపు నిలబడతాను. పోయిన వసంతంలో ఒక పెద్ద ఆట గెలిచి గదిలోంచి బయటికొచ్చినప్పుడు వాడే అడిగాడు, గెలిస్తే నీ మొహం ఎందుకలా ఉంటుంది, ఎవరో పన్ను పీకి పంపినట్టు అని. అద్దంలో చూసుకున్నాను. నిజమే. భయం తీసేశారు, భయం ఉన్నచోట ఏమీ పెట్టలేదు. విశ్వవిద్యాలయంలో మనసు గురించే చదువుకున్నాను, ఊరట వేరు సంతోషం వేరు అని పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని, నా మొహం మీద ఏది ఉందో మాత్రం ట్రాము నడిపేవాడు చెప్పాలి. ఆ ఊరటైనా తెల్లారేదాకా ఉండదు, పొద్దున కళ్ళు తెరవగానే పొట్టలో చల్లటి చెంచా పెట్టినట్టు తర్వాతి ఆట. అందుకే చెప్పాను, ఈసారి గెలిచాక కూడా సంతోషం రాకపోతే మానేస్తాను కోస్మా, క్రాకోవ్ అయినా సరే. రాకపోతే కాదు, వచ్చాక ఏం చేస్తావో ఆలోచించుకో అన్నాడు, అని నా ముక్కు మీద గరిటెతో కొట్టాడు, గరిటెకి మజ్జిగ ఉంది.

సరే, గెలిచాను, రావాలిగా. కుర్చీలో కూర్చుని దానికోసం ఎదురుచూశాను, తుమ్ము కోసం ఎదురుచూసినట్టు. గుండె మాత్రం మెట్లెక్కుతున్నదానిలా కొట్టుకుంటోంది, అరచేతులు తడి, చెవుల్లో కొలిమి. ఉప్పుచేప ఇప్పుడేం చేస్తుంటాడు. లేచి ఉంటాడు, మొహం కడుక్కుని ఉంటాడు, వాళ్ళ వంటింట్లో ఎవరో ఒకరు ఏమైందని అడిగి ఉంటారు, ఓడినవాడికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. వింతేమిటంటే ఈ మధ్యాహ్నమంతా భూమ్మీద నా గురించి అతనంత గట్టిగా ఆలోచించినవాళ్ళు లేరు, నేనెక్కడ దాక్కుంటానో, ఎప్పుడు తొందరపడతానో, ఎడమవైపు ఎందుకు వదిలేస్తానో, మా అమ్మకి కూడా తెలియని నా పిరికితనమంతా ఆ మనిషికి తెలుసు, నాకూ అతనిది తెలుసు, అంత దగ్గరగా ఉండి, రెండక్షరాలు రాసి, తలుపు వేసుకుని పోయాడు. పేరు తెలియదు. ఎవరితోనైనా అనాలి. ఎవరితో. కోస్మ బండి మీద ఉన్నాడు, నడిపేటప్పుడు ఫోను సంచిలో మూతబడి ఉండాలి, అది నియమం. ఎవరైనా గెలవాలని కోరుకుంటే మావాళ్ళు పిడికిట్లో బొటనవేళ్ళు బిగించి పట్టుకుంటారు. నీకోసం బొటనవేళ్ళు కూడా పట్టుకోలేను, రెండు చేతులూ పనిలో ఉంటాయి కదా అని పొద్దున దిగులుపడ్డాడు, మళ్ళీ వాడే, పోనీ కాలి బొటనవేళ్ళు బూట్లలో ముడుచుకుని కూర్చుంటా, ఆట అయిపోయేదాకా వదలను అన్నాడు. అయిపోయిందని వాడికెలా తెలుస్తుంది. తెలియదు. అయితే ఇంకా ముడుచుకునే ఉన్నాడన్నమాట, చలికి తిమ్మిరెక్కి, ప్రతి స్టాపులో తలుపులు తీస్తూ వేస్తూ. ఆ ఆలోచన రాగానే లేచి నిలబడ్డాను, కోటు తొడుక్కున్నాను.

మెట్ల మీద కింది వాటా లెయొకాడియా గారి తలుపు వాసన, ఉడికిన క్యాబేజీ, నాఫ్తలీను ఉండలు. ఈ తలుపు దగ్గరే పొద్దున ఆ తప్పు జరిగింది. రొట్టె తెచ్చుకుంటూ వస్తుంటే, ఏమ్మా కొత్తకోడలా, ఇవాళేనట కదా నీ యుద్ధం, నీకోసం బొటనవేళ్ళు పట్టుకుంటాలే అంది. అప్పుడు ఏం చెయ్యాలి, ఎవరైనా ఏం చేస్తారు, నవ్వి ఊరుకుంటారు, లేదా థాంక్స్ చెప్పను సుమా అని పైకే అంటారు, థాంక్స్ చెబితే అదృష్టం పోతుందని పసిపిల్లలకి కూడా తెలుసు. నేను కొత్త పెళ్ళికూతుర్ని, రొట్టె వెచ్చగా ఉంది, లోకమంతా నాదే అన్నట్టుంది, థాంక్సండీ అనేశాను. ఆవిడ చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. అయ్యో పిల్లా, ఎంత పని చేశావు, పో, పరుగెత్తు, రంగు వెయ్యని చెక్క మీద తట్టు, గండం పోతుంది. పరుగెత్తాను. మా ఇంట్లో రంగు వెయ్యని చెక్క ఎక్కడుంది. బల్లకి తెల్ల రంగు, మంచానికి తెల్ల రంగు, తలుపులకి ఆయిల్ పెయింటు, కుర్చీలు ప్లాస్టిక్, కాపురం పెట్టినప్పుడు నేనే మురిసి మురిసి ఎంచుకున్నాను అవన్నీ, ఇల్లంతా మంచులా ఉండాలని. మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద కూడా వెతికాను, అక్కడా వేసేశారు. ఆఖరికి ఫ్రిజ్ వెనక దొరికింది, కోస్మ వాళ్ళమ్మ పెళ్ళికిచ్చిన పిండి వత్తే పలక. ఏళ్ళ తరబడి ఆవిడ వాడినది, కత్తిగాట్లన్నీ ఒకవైపే, ఒక అంచుకి కిందికి దిగిన పట్టీ, బల్లకి తగిలించి జారకుండా. నీ వేళ్ళు చాలా చురుకట కదా, దీని మీద కూడా చూపించు అంటూ ఇచ్చింది. ఆవిడని అమ్మా అని పిలవాలో అండీ అని పిలవాలో ఇంకా తేలలేదు, పిలవకుండా కళ్ళెదుటికి వెళ్ళి నిలబడి మాట మొదలుపెడుతున్నాను. పలక మీద తట్టాను. చాలదనిపించింది, ఇంకా తట్టాను. ఎందుకైనా మంచిదని తీసుకెళ్ళి ఆటబల్లకి తగిలించి, దానిమీదే కీబోర్డూ మౌసూ పెట్టుకుని ఆడాను. ప్రతి గండానికీ గోరుతో తట్టాను. మనసు గురించి చదువుకున్నదాన్ని.

వాన పడడం లేదు, పడ్డట్టుంది. మధ్యాహ్నమే అయినా నవంబరు కదా, దీపాలు వేసేశారు, యెజిత్సె సంతలో అమ్మేవాళ్ళు బంగాళాదుంపల మీద పట్టా కప్పుతున్నారు, నాకు ఆ దీపాలు తడి రాళ్ళ మీద పడి సాగడం ఎంతో ఇష్టం, ఇష్టమని తెలుసు కానీ ఇప్పుడు తగల్లేదు, గాజు అవతల ఉన్నట్టుంది. స్టాపులో నిలబడ్డాను. కుడిచెయ్యి నొప్పిగా ఉంది, ఎందుకని చూస్తే చంకలో పలక, దాని అంచు మీద వేళ్ళు ఇంకా నొక్కుతూనే ఉన్నాయి. దాన్ని ఎప్పుడు తీశాను, కీబోర్డు ఎక్కడ పెట్టాను, గుర్తులేదు. కాళ్ళకి ఇంటి చెప్పులు, గులాబీ రంగువి, ముందు పువ్వులు. పక్కన కూరగాయల సంచి పట్టుకున్న ఒక పెద్దామె నన్ను కింద నుంచి పైకి చూసింది.

"అమ్మడానికా, పారిపోవడానికా?"

"ఏంటండీ?"

"పలక. మా మరిది పెళ్ళాం కూడా ఇలాగే పలక పట్టుకుని పుట్టింటికి పోయింది. తిరిగొచ్చిందిలే, పిండి లేక."

"మా ఆయన కోసం చూస్తున్నానండీ."

"కొట్టడానికైతే అంచుతో కొట్టు, చదునుగా కొడితే చప్పుడే తప్ప ఏమీ ఉండదు," అంటూ ఆవిడ సంచి సర్దుకుంది. నవ్వాలి అక్కడ. మామూలుగా అయితే ఈ మాట కోస్మకి చెప్పడానికి నోట్లో పెట్టుకుని పరుగెత్తేదాన్ని. పెదాలు కదిలాయి, నవ్వు లోపలికి దిగలేదు.

ట్రాము వచ్చింది, కోస్మది కాదు, హల్ష్కాది. డిపోలో కోస్మతో పాటే చేరింది, మా పెళ్ళిలో తెల్లారేదాకా డాన్సు చేసి బూటు మడమ విరగ్గొట్టుకుంది. ముందు తలుపు తీసి తల బయటపెట్టింది.

"ఏమే కొత్తపెళ్ళికూతురా, వాడికోసమేనా? వాడు ఓగ్రొడి స్టాపు దగ్గర ఇరుక్కున్నాడు, ఎవడో కారు పట్టాల మీద వదిలేసి సిగరెట్లకెళ్ళాడట. వస్తాడులే. ఆ చెప్పులేంటి?"

"గెలిచాను," అన్నాను. మొదటిసారి పైకి అన్నాను.

"ఏంటి గెలిచింది, పలకా?"

"ఆట. క్రాకోవ్‌కి."

"ఓసి నీ," అని హల్ష్కా రెండు చేతులూ ఎత్తింది, "కంట్రోల్‌కి రేడియోలో చెప్పనా, వాళ్ళు వాడికి చెప్తారు. ఊళ్ళో ట్రాములన్నీ వింటాయి."

"వద్దొద్దు. నేనే చెప్పాలి."

"సరే, నీ మొగుడు నీ ఇష్టం. మొహం మాత్రం మార్చుకో, చూస్తే వాడు బ్రేకు తొక్కేస్తాడు." తలుపు మూసుకుంది. ట్రాము పోయింది, లోపల వెచ్చటి పసుపు వెలుగులో ఎవరికి వాళ్ళు కూర్చున్న మనుషులు, ఆ పెద్దామె కూడా, అద్దంలోంచి పలక వైపు వేలు చూపించి అంచు, అంచు అని సైగ చేసింది. స్టాపులో నేనొక్కదాన్నే.

పైకి అన్నా రాలేదు. మొహం మార్చుకో అంది హల్ష్కా, అంటే అదే మొహం, పన్ను పీకిన మొహం. ఉప్పుచేప కోట కాలడం కళ్ళముందు ఆడుతోంది, ఆ ఎడమవైపు దారి నేను మూయలేదు, అతను చూసి ఉంటే అయిపోయేదాన్ని, ఎందుకు చూడలేదు, క్రాకోవ్‌లో వాళ్ళు చూస్తారు, చూస్తే, ఇదిగో, చల్లటి చెంచా, తెల్లారేదాకా కూడా ఆగలేదు ఈసారి. మానేస్తే ఏం. మానేస్తే కిటికీ తెర ఎత్తుతాను, పొద్దున్నే లేస్తాను, ఏదో బడిలో పిల్లల దిగుళ్ళు వింటాను, అందుకే కదా చదివింది. కానీ అనుకోగానే ఇంకేదో కదిలింది, ఒటీలియా వాళ్ళ నేలమాళిగ. ఒటీలియా మా పెద్దమ్మ కూతురు. బంగాళాదుంపల బుట్టలు, పచ్చళ్ళ జాడీలు, వాటి మధ్య పాత కంప్యూటరు, ఒకే కుర్చీ. చెరి సగం కూర్చునేవాళ్ళం, ఒక తుంటి గాల్లో. మౌసు నాది, కీబోర్డు దానిది. ఒక వేసవి సాయంత్రం ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళని ఓడించి, ఇద్దరం కుర్చీలోంచి కింద పడి, జాడీ పగిలి, దోసకాయల ఊరనీళ్ళలో దొర్లుతూ నవ్వాం, పెద్దమ్మ పైనుంచి ఎవరు చచ్చారే అని అరిచింది. అది సంతోషం. ఎలా ఉంటుందో నాకు తెలుసు, మరిచిపోలేదు, ఊరనీళ్ళలో వేసిన సోంపులాంటి ఆకు వాసన, నా మోచేతికి ఒటీలియా మోచెయ్యి. తర్వాత నాకు మంచి కుర్చీ కొన్నారు, నడుముకి ఆసరా ఉన్నది, చేతులు పెట్టుకునేది. ఒక్కరికే సరిపోయేది.

చెప్పులు తడిసిపోయాయి. వీధి చివర రెండు దీపాలు కనిపించాయి, ఆ నడక నాకు తెలుసు, మలుపు దగ్గర వాడు అందరికంటే మెల్లగా తిప్పుతాడు, నిలబడ్డ ముసలివాళ్ళు తూలకూడదని. నా ట్రాము, నా మొగుడి ట్రాము, లోపల పెద్ద గాజు వెనక టోపీ, కాస్త పక్కకి ఒరిగి. నన్ను చూశాడు. చెప్పులు చూశాడు, పలక చూశాడు, వాడి మొహం పాలిపోయింది. ఓడిపోయి పలక పట్టుకుని రోడ్డున పడ్డాననుకున్నాడు. ముందు తలుపు తెరుచుకుంది, ఎక్కాను. మా ఇద్దరి మధ్య గాజు, గాజు మీద అట్ట, నడిపేవారితో మాట్లాడరాదు అని. వాడు నియమం తప్పడు, నేను తప్పించను. వెనక కారువాడు హారను కొట్టాడు, బండి కదిలింది, నేను మొదటి సీట్లో కూర్చున్నాను, పలక ఒళ్ళో. పైనున్న అద్దంలో వాడి కళ్ళు, అడుగుతున్నాయి. చెయ్యి ఎత్తాను, పిడికిలి, బొటనవేలు లోపల, పొద్దున నుంచి పట్టుకున్నట్టు. అద్దంలో వాడు చూసేదాకా ఆగాను. అప్పుడు విప్పాను, ఒక్కో వేలూ, చివరికి బొటనవేలు, అయిపోయింది, వదిలెయ్, ఇక వదిలెయ్ కోస్మా. వాడి భుజాలు కిందికి దిగాయి. సీటు కింద బూట్లలో ఏదో విప్పుకున్నట్టు మోకాళ్ళు కదిలాయి, తిమ్మిరికి మొహం వంకర పెట్టాడు.

థియేటర్ వంతెన ఎక్కి దిగుతున్నాం. ముందు పట్టాలు ఖాళీగా ఉన్నాయి, ఒక పావురం కూడా లేదు. వాడు గంట కొట్టాడు. ఆగి ఇంకోసారి కొట్టాడు. తర్వాత ఆపకుండా, పెళ్ళి ఊరేగింపులో కొట్టినట్టు, వంతెన పొడుగునా.

వెనక సీట్లో ఒక తాత లేచాడు. "ఎవరున్నారయ్యా అక్కడ? ఎవరూ లేరు కదా. ఎవరి మీద నీ కోపం?"

గాజు మీద అట్ట ఉంది కదా, మాట్లాడరాదు అని. తాత నా వైపు తిరిగాడు. "చూశావా అమ్మాయ్, బళ్ళు ఎవరికిస్తున్నారో. వీడికి పెళ్ళాం ఉంటే ఆవిడ సంగతేంటో పాపం."

అప్పుడొచ్చింది. పొట్టలోంచి, చెంచా ఉండే చోటి నుంచే, నవ్వు, ఆపలేకపోయాను, పలక మీదికి వంగిపోయి నవ్వాను, కళ్ళనీళ్ళు కారి కత్తిగాట్లలో పడ్డాయి, తాత కంగారుపడి జేబురుమాలు ఇచ్చాడు. అద్దంలో కోస్మ చూసీ చూడనట్టు ముందుకు చూస్తూ పళ్ళన్నీ బయటపెట్టి ఉన్నాడు. అప్పుడు చేతులు చూసుకున్నాను. కుడిచెయ్యి ఆగిపోయింది. పలక మీద ఊరికే పడుకుని ఉంది, పిల్లి పడుకున్నట్టు. కిటికీలో దీపాలు సాగుతున్నాయి, తడిగా, పచ్చగా, మళ్ళీ నావి.

లైను ఆఖరి స్టాపు జవాడిలో బండి మలుపు తిరిగి ఆగింది. అందరూ దిగారు. కోస్మ గాజు తలుపు తీసుకుని వచ్చి, ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు, సంచిలోంచి మార్టిన్ పండగ రొట్టె తీసి విరిచాడు, గసగసాల ముద్దున్న సగం నాకు.

"గెలిచాను."

"అది అర్థమైంది. నేనడిగేది రెండోది."

"వచ్చింది."

"ఎక్కడ?"

"వంతెన దిగుతుంటే. తాత నీ పెళ్ళాం మీద జాలిపడ్డప్పుడు."

వాడు తన సగం కొరికాడు. "మరి నేను గంట కొట్టినందుకు ఎవరైనా నా మీద రిపోర్టు రాస్తే?"

"రంగు వెయ్యని చెక్క తెచ్చాగా." వాడు కూర్చున్న ఒంటి సీట్లోకే నేనూ జరిగాను, చెరి సగం, ఒక తుంటి గాల్లో. వాడి మోచెయ్యి నా మోచేతికి గుచ్చుకుంది.

"క్రాకోవ్‌కి బొటనవేళ్ళు పట్టుకుంటా," అన్నాడు.

నోరు తెరిచాను. మూసుకున్నాను. పలక మీద వేలి కణుపుతో తట్టాను, బోలుగా, హాయిగా మోగింది.

"రేపు మీ అమ్మని భోజనానికి పిలు," అన్నాను. "పొద్దున్నే ఈ పలక మీద పిండి వత్తి, లోపల కూర పెట్టి పియెరోగీలు చేస్తాం, ఆవిడ నేర్పాలి, నాకు అంచులు మూయడం రాదు. ఆవిణ్ణి ఏమని పిలవాలో ఉడికేలోపు తేల్చుకుంటాను. మధ్యాహ్నం కాకముందే ఔను నొక్కుతాను, పిండి చేతులతోనే. నువ్వు కంప్యూటర్ దగ్గరికి వంటింట్లోంచి ఇంకో కుర్చీ తేకు. ఆ ఒక్కదాన్లోనే కూర్చుందాం."